చపాతీ పిండి కొలత

పుదుపేట సందులో
ఒలిచిన ఇంజిన్లు పేర్చిన గోడల మధ్య
వెనక చక్రాలు రెండూ లేకుండా
జాకీల మీద నా కాంటెస్సా.

ముప్పై ఆరేళ్ళ బండి.
చక్కెర ఫ్యాక్టరీ వేలంలో కొన్నాను,
టెలిఫోన్ ఎక్స్ఛేంజీ వదిలేసిన రోజు చేతికొచ్చిన డబ్బుతో.
"ఆడమనిషికి ఇంత పొడుగు బానెట్ ఎందుకమ్మా"
అన్నాడు వేలం గుమాస్తా.
సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను.

ముందు నుంచి చూస్తే మొనగాడు.
వెనక్కి వచ్చి చూస్తే
ఆ సన్నటి టైర్ల మీద
పిక్కల్లేని పహిల్వాను.

వెడల్పు టైర్లు కావాలన్నాను.
దస్తగిరి నవ్వలేదు.
అప్పుడే నమ్మాను అతన్ని.
టేపు లాగి, సుద్దముక్కతో నేల మీద రాశాడు:
లోపల స్ప్రింగు పట్టీకి వేలెడు,
బయట ఫెండరు పెదవికి రెండు వేళ్ళు.
"ఇంతేమ్మా జాగా. దీంట్లోనే కాపురం జెయ్యాల."
ఉదయగిరి యాస. చివర్లో కొంచెం అరవం సాగుతుంది.

ఎదురు హోటల్ నుంచి ఇళంగో
కాగితంలో చపాతీ పిండి తెచ్చాడు.
తినడానికేమో అనుకున్నాను.
దస్తగిరి ఉండలు చేసి
ఫెండరు లోపలి అంచు పొడుగునా
గోడకి పిడకలు కొట్టినట్టు అంటించాడు.
"టైరు తగిల్తే పిండి జెప్తాది.
మన చెవులకి అంత తెలివి లేదు."

కొత్త టైర్లు.
రెండు వందల ఇరవై అయిదు వెడల్పు.
ఒంటి నిండా రబ్బరు నూగు,
పురిటి బిడ్డ భుజాల మీద ఉన్నట్టు.

కూవం వంతెన దాకా పోయొచ్చాం.
పిండి పిండిలాగే ఉంది.
నేను పర్సు తీశాను.
"ఉండమ్మా. ఖాళీ బండి అందరి మాటా వింటాది."

కేకేసి పిలిచాడు:
చేపల చెల్లమ్మ, గంపతో సహా;
లారీ ఆఫీసు వరదన్, టిఫిన్ క్యారియరుతో సహా;
వాళ్ళ మధ్య ఇరికి ఇళంగో.
డిక్కీలో రెండు పాత గేర్‌బాక్సులు.
ఎగ్మూరు వైపు మొదటి స్పీడ్ బ్రేకరు దాటాం.
రెండోదాని మీద, ఎడమ పక్క,
చర్రున, కొత్త చీర మేకుకి పట్టినట్టు.
చెల్లమ్మ గంపని పొట్టకి అదుముకుంది.

కుడి పక్క ఉండలన్నీ గుండ్రంగానే ఉన్నాయి.
ఎడమ పక్క, మూడో ఉండ మీద
టైరు గీతలు,
రిజిస్ట్రారు ఆఫీసులో వేసిన వేలిముద్రలా.

"దొరలు ఎప్పుడూ వెనక ఎడమ పక్కనే గదమ్మా కూర్చునేది"
అన్నాడు దస్తగిరి, స్ప్రింగు కింద పడుకుని.
"ఇన్నేళ్ళు కూర్చోని కూర్చోని కుంగదీసినారు."
కుంగిన పట్టీ ఊడదీశాడు.
కనపడని ఆ పెద్దమనుషుల బరువు
ఒక్కో ఆకుగా నేల మీద పడింది,
తుప్పుతో, చప్పుడుతో.

తర్వాత ఇనప పైపుకి తడిగుడ్డ చుట్టి
టైరుకీ ఫెండరుకీ మధ్య దూర్చాడు.
మేం ముగ్గురం బండిని నెట్టాం,
జానెడు ముందుకి, జానెడు వెనక్కి.
రేకు అంచు మెల్లగా పైకి మడిచింది.
"పెయింటు పగిలితే?"
"తొందరపడితే పగుల్తాది."
చెల్లమ్మ కూడా ఒక చెయ్యేసింది.
చెయ్యి పడిన చోట పొలుసు మెరిసింది.

మౌంట్ రోడ్డులో దీపాలు వెలిగే వేళకి
కుడి పక్క, స్టీరింగు వెనక, నేను.
ఎడమ పక్క వెనక సీట్లో ఎవరూ లేరు.
సిగ్నల్ దగ్గర ఒక మోటార్‌సైకిల్ కుర్రాడు
వంగి నా వెనక టైరు చూశాడు,
తర్వాత నన్ను చూశాడు,
మళ్ళీ టైరు చూశాడు.

ఆ మూడో ఉండని దాచుకున్నాను.
పొద్దున చూస్తే డ్యాష్‌బోర్డు మీద చీమల బారు,
టైరు గీతల వెంబడే
వరస తప్పకుండా.