గాలి యాడ నుంచి

ఫహాహీల్‌లో హోటలు మేడ మీద
బిర్యానీ గిన్నెలు తీసేసిన హాల్లో
నన్ను పరిచయం చేసినాయన
"ప్రాంతీయ కవయిత్రి" అన్నాడు.
వెనక వరస నుంచి ఒకామె, రాయచోటి యాస,
"ఏ ప్రాంతంమే?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.
చేతిలో కాగితం నాలుగు మడతల్లో ఉంది.
దాంట్లో జవాబు లేదు.

మా నాయన చెన్నకేశవులు
వేడి గొట్టాలకు గాజుదూది చుట్టేవాడు.
ఇంటికొస్తే ముట్టుకోనిచ్చేవాడు కాదు.
చొక్కా బయటే విప్పి, ఒళ్ళంతా రుద్ది కడుక్కుని
అప్పుడు ఎత్తుకునేవాడు.
అయినా నా చెంప దురద పెట్టేది.
గొట్టాన్ని వేలి కణుపుతో తట్టి
లోపల ఏం పోతోందో చెప్పేవాడు,
సంతలో కుండ కొట్టి చూసినట్టు.
మాటను నేనూ అట్లాగే తడతాను.
బోలుగా మోగితే కొనను.

మాకు నాలుగు వీధుల అవతల రిఫైనరీ.
దాని మంట ఆరిన రాత్రి
నేను అన్నం తినలేదంట.
అమ్మ గిన్నె పట్టుకుని మిద్దె మీద
నిజం చంద్రుణ్ణి చూపిస్తే
"అది చిన్నది, అది కాదు" అని ఏడ్చానంట.
షట్‌డౌన్ ముప్పయ్యారు రోజులు.
ఆ ఫోటోల్లో నాకు మెడ కనిపిస్తుంది.

యుద్ధంలో పోయి తొంభై రెండులో తిరిగొచ్చాం.
బుర్గాన్ దారిలో ఇసుక మీద
నల్లటి పెంకు కట్టి ఉంది, అడుగంటిన సంగటి లాగ.
కొంచెం అవతల కడ్డీలకు ఎర్ర పీలికలు,
అటు పోవద్దన్నాడు.
బండి దించి, మేకు చేతికిచ్చి, "రాయి" అన్నాడు.
ఎవరైనా ఇసుకలో దిద్దుతారు, అరచేత్తో చెరుపుతారు.
నా అ గీకితేగాని పడలేదు.
పడ్డాక గాలికి పోలేదు.
వంకర అ. పొట్ట పెద్దది.
ఇప్పుడక్కడ కంచె.

నా రాతల్లో నది లేదని ఒకాయన బాధపడ్డాడు.
ఉంది సామీ.
మనిషి నడుమంత లావు, ఇనుప ఒడ్లు,
చెవి ఆనిస్తే గొణుగుతుంది,
ఎండాకాలం చెయ్యి పెడితే తోలు ఊడుతుంది.
దాని పక్కన చెట్లు కూడా ఉన్నాయి,
మురుగునీళ్ళు తాగి పచ్చగా.
పూలేమో నాకు తెలీదు. ఎప్పుడూ చూళ్ళేదు.

నాయన రిటైరై రాజంపేట పోయాడు.
చప్పుడు లేదంట, నిద్ర పట్టదంట,
ఫ్రిజ్జు పక్కన మంచం వేసుకున్నాడు.
నేనిక్కడే, ల్యాబులో
సీసాల్లో గంధకం కొలుస్తాను.
కార్డు మీద నా పేరు బెన్షలమ్మ.
వాళ్ళ భాషలో ప లేదు, చ లేదు.
అవ్వ పేరు పెంచలమ్మ
ఆ రెండక్షరాలూ కౌంటరు దగ్గర వదిలి
లోపలికొచ్చింది.
పుట్టిన ఊరికి ఏటేటా అర్జీ పెట్టుకుంటాను
ఇంకొక్క ఏడాది ఉండనిమ్మని.
ఊరు ముద్ర వేస్తుంది. తలెత్తి చూడదు.

ఇదంతా చెప్పాలనుకుని
మైకు ముందు నిలబడి నీళ్ళు తాగుతున్నాను.
టీ పిల్లాడు తలుపు తీశాడు.
ఆ వాసన.
కుళ్ళిన గుడ్డు, కాలిన అగ్గిపుల్ల, కొంచెం సముద్రం.
నలభై ముక్కులు ఒక్కసారే పైకి లేచాయి.
"షుఐబా" అన్నాడు మస్తాన్ వలీ, కళ్ళు మూసుకునే.
"కాదన్నా, మీనా" అన్నారు ఇంకెవరో.
"మీనాది ఇంత తియ్యగుండదు."
"రేత్రి యూనిట్ ఎత్తినారంట."
వాదన ముదిరింది. నన్ను మర్చిపోయారు.

నన్నడిగిన రాయచోటామె
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు.
రెండుసార్లు గట్టిగా పీల్చి,
పప్పులో ఉప్పు చూసినట్టు ఆగి,
"దక్షిణం గాలి" అంది. "షుఐబానే."

నేను కాగితం మడత విప్పాను.