ఎనభై ఏడో పూస

"ఇది ఎవరికైనా తట్టేదే" అని
పరీక్షాధికారి రాసిన ఉత్తరం
మ్యూనిక్ నుంచి ఔలు చేరేసరికి
నది మీద మంచు ఇంకా పగల్లేదు.

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడాయన.
ఒకదాంట్లో చన్నీళ్లలో మరక వదిలించే ఎంజైము,
ఇంకోదాంట్లో ప్రోటీను దండలో పూస మార్చే పద్ధతి.
రెండూ కలిపితే ఇదే కదా,
నిపుణుడికి అరటిపండు వలిచినట్టే కదా, అన్నాడు.

ఆ నిపుణుణ్ణి నేనెరుగుదును.
ఇరవై రెండేళ్లుగా ప్రతి అప్పీలులోనూ
నాకెదురుగా కూర్చునేది అతనే.
చట్టం కన్న బిడ్డ. ఊరు లేదు, పేరు లేదు.
అచ్చయిన ప్రతి పుటా చదివాడు,
జపాను భాషలోవి సైతం.
ఊహించకూడదని అతనికి రూలు,
అయినా అన్నీ తడతాయి.
కాలికి రాయి మాత్రం తట్టదు.

రిత్వా హన్నికైనెన్ అలా కాదు.
సరస్సు అడుగు బురద సీసాకెత్తుకుని
బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.
నూట తొంభై మూడుసార్లు
ప్రోటీను పాలు విరిగినట్టు విరిగింది.
ఎనభై ఏడో చోట ప్రోలీన్ పెడితే
మెలిక తెగుతుందని ఆమె గురువు చెప్పాడు,
పరీక్షాధికారి చూపిన మొదటి కాగితమే చెప్పింది,
పద్నాలుగో పుటలో, చిన్న అక్షరాల్లో.
ఆమె పెట్టింది.
ఎందుకని అడిగితే,
"వద్దని మరీ గట్టిగా చెప్పారు కదా" అంది.
అప్పీలులో ఆ మాట రాయలేను.
నాలుగు డిగ్రీల దగ్గర పదకొండు రెట్లు,
పట్టిక మూడు చూడగలరు, అని రాశాను.

ఇవాళ విచారణ.
ముగ్గురు సభ్యులు, నీళ్ల జగ్గు, ఎవరిదో దగ్గు.
పద్నాలుగో పుట చదివి వినిపించాను.
విప్పాక పొడుపుకథకి
పిల్లలు కూడా ఓస్ ఇంతేనా అంటారు,
అనబోయి మింగేశాను.
చట్టం భాషలో ఆ "ఓస్"కి మాట లేదు.

అధ్యక్షురాలు నన్ను దాటి రిత్వాని చూసింది.
"ఆ ట్యూబు తేటగా కనబడినప్పుడు
మీరేమనుకున్నారు?"
రిత్వా చాలాసేపు ఆలోచించింది.
నాకు చెమటలు పట్టాయి.
"లేబుల్ తప్పు అతికించాననుకున్నాను.
పారబోసి మళ్లీ చేశాను. నాలుగుసార్లు."

ఎడమవైపు సభ్యుడు ఏదో రాసుకున్నాడు,
ఒకే ఒక్క గీత.

ఇరవై నిమిషాలు విరామం.
నడవాలో కాఫీ మిషను ముందు
చిల్లర గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాం.
ఏ బొత్తాం నొక్కాలో
ఇద్దరికీ ఎంతకీ తట్టలేదు.