రాలిపోయిన ట

బావి ఎప్పటిదో ఏడు చోట్ల చదివాను.
ఏడూ 1736 అనే అన్నాయి.
ఏడుగురు చెప్పాక ఇంకేం కావాలి?
మూడో పేజీలో రాసేశాను,
సెమినార్‌లో గొంతు పెంచి చదివేశాను కూడా.

మృదుల మేడమ్ ఎర్ర పెన్ను తియ్యలేదు.
"వీళ్ళకెవరు చెప్పారు?" అంది, అంతే.

ఆ రాత్రి విద్యానగర్ హాస్టల్లో
ఒక్కోదాన్నీ తోక పట్టుకుని వెనక్కి లాగాను.
ఒకదాన్లో 'మెట్లు' అనబోయి 'మొట్లు' అని పడింది.
రెండోదాన్లో అవే మొట్లు.
ఐదోదాన్లోనూ.
ఒప్పుని ఎత్తి రాస్తే దొరకరు,
తప్పుని ఎత్తి రాస్తేనే దొరుకుతారు:
పరీక్ష హాల్లో కాపలా కాసే ఏ టీచర్నైనా అడగండి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
రాదు.
ఏడు పొగలకి ఏడు పొయ్యిలుండాలని మాత్రం
ఎవరూ అనలేదు.

అన్నిటికన్నా అడుగున ఒక పాత ఫొటో, కింద ఒక వాక్యం:
"1736లో కట్టారట. పాన్‌డబ్బా ఖాజా మియా మాట."
పైకొచ్చే దారిలో ముందు ఖాజా మియా జారిపోయాడు.
తర్వాత, ఒక్క అక్షరం.
'కట్టారట' లోంచి ట రాలిపడితే
చప్పుడు కూడా కాదు.

తార్నాకలో మూడు రోజులు దుమ్ము పీల్చాను.
ఫార్సీ చదివిపెట్టిన ఖైసర్ సాబ్ కళ్ళజోడు తుడుచుకుని
"ఆ ఏడాది కట్టలో బావి లేదమ్మా,
ఎవరిదో గుర్రం దాణా లెక్క ఉంది" అన్నాడు.
ఎంత దాణానో కూడా చదివాడు, పాపం.

నాలుగో రోజు పురానాపూల్ వెనక గల్లీ.
వెల్డింగ్ షాపుకీ మటన్ దుకాణానికీ నడుమ
ఇనుప జాలీ కింద బావి,
అడుగున ఒక రబ్బరు చెప్పు.
ఖాజా మియా ఆకుకి సున్నం రాస్తూ:
"ఎవరో కెమెరా పట్టుకొని వచ్చిండు బిడ్డా.
ఎప్పటిదని ఒకటే సతాయించిండు.
తెల్వదంటే మనిషి చిన్నబుచ్చుకుంటడు గద!
ఎదురుంగ ఏది కనబడితే అది చెప్పిన."

ఎదురుగా ఆయన పాత స్కూటర్,
సీటు చిరిగి, స్టాండు మీద.
నంబరు ప్లేటు చదివాను.
ఆయన నవ్వాడు, నాక్కూడా ఒక పాన్ కట్టాడు.

మూడో పేజీ కొట్టేసి
"ఎప్పుడు కట్టారో తెలియదు" అని రాశాను.
నాలుగు మాటలకి నాలుగు రోజులు.

నిన్న మళ్ళీ వెతికాను, ఊరికే.
కొత్తగా ఎనిమిదోది వచ్చింది.
1736.
ఆధారం: ఫలానా సెమినార్, నా పేరు,
ఇంటిపేరుతో సహా.
ట లేదు.