అడుగుకి పావంగుళం

ప్రిన్స్ రూపర్ట్‌లో వాన రాకడ అందరికీ తెలుసు,
తెలియనిది దాని పోకడే.
ఆగస్టులో పట్టిన ముసురు
ఉత్తరాల డబ్బాలో, బూట్లలో, రొట్టె సంచిలో
తన వాటా తాను తీసుకుంటూనే ఉంది.

విల్మా హౌగన్ ఫోన్ చేసింది.
"డెక్కు కింద నాకో గదుంది.
గదంటే ఆరు స్తంభాలూ, బురదా.
ఆరబెట్టి ఇవ్వగలవా?"
తడి చొక్కా గురించి అడిగినట్టే అడిగింది.

వెళ్లి, వంగి చూశాను.
పలకల సందుల్లోంచి వరసగా చుక్కలు.
కింద నేల మీద అవే వరసల్లో గుంటలు,
ముప్పై ఏళ్లు ఒకే చోట పడ్డాక
చుక్క కూడా సంతకం చేయడం నేర్చుకుంటుంది.
ఓ మూల నీలం టార్పాలిన్,
దాని పొట్ట నిండా నీళ్లు, పొట్ట కింద వలలు.
"సాల్మన్‌వి. పడవకి బేరం తగిలింది గానీ
వీటికెవరూ రాలేదు," అంది.
ఎత్తబోతే అంచు తాడు
నా వేళ్ల మధ్యే పిగిలిపోయింది.
ఆవిడ చూడలేదు. లేదా చూసింది.

నీరు పల్లమెరుగు, నిజమే,
కాని నీటికంటే ముందు
పల్లం వడ్రంగికి తెలియాలి.
గోడ దగ్గర ఎత్తు, తోట వైపు దిగుడు,
అడుగుకి పావంగుళం,
పన్నెండడుగులకి మూడంగుళాలు.
కంటికి ఆనదు.
గోళీ పెడితే ఒప్పుకుంటుంది.

ముడతల రేకులు,
ఒకదాని భుజం మీద ఇంకొకటి.
స్క్రూ ఎప్పుడూ మిట్ట మీదే,
గాడి నీళ్లు నడిచే దారి.
దూలానికీ రేకుకీ మధ్య నాలుగు వేళ్ల సందు,
చెక్కకి గాలి ఆడకపోతే
పైన తడి లేకున్నా లోపల కుళ్లుతుంది.
చివర తూము, తూముకి గొట్టం,
గొట్టానికి పీపా,
పీపా నిండితే ఆపైన ఫెర్న్ మొక్కల అదృష్టం.

మూడు రోజులు మెడ విరుచుకుని పనిచేశాను.
నాలుగోనాడు విల్మా కప్పు పట్టుకుని కిందకొచ్చింది.
"ఇంత గొంతుందా దీనికి!
ఇన్నాళ్లూ బురదలో పడి
నోరెత్తేది కాదు."

ఇక్కడ ఒకటి చెప్పాలి.
ఒక స్క్రూ గాడిలో దిగింది.
మూడోనాటి సాయంత్రం, చీకటి,
డ్రిల్లు ఎటంటే అటు వెళ్లింది చెయ్యి.
రబ్బరు వాషరుంది కదా, పట్టుకుంటుందిలే అనుకున్నాను.
నిజం దేవుడొక్కడే ఎరుగుననుకున్నది
వారం తిరక్కుండా
నాలుగు నిమిషాలకో చుక్కగా బయటపడింది.
ఆవిడ ఫోన్ చేయలేదు. నాకే నిద్రపట్టలేదు.

నెల తర్వాత సీలెంటు ట్యూబుతో వెళ్లాను.
విల్మా మెట్ల మీద కూర్చుంది,
మాట్లాడకు అన్నట్టు వేలెత్తింది.

డెక్కు కింద నేల బూడిదరంగులోకి మారింది.
నెర్రెలు విచ్చి, మెత్తబడి, పిండిలా రాలుతోంది.
ఆ పిండిలో ఐదు పిచ్చుకలు
పొట్టలు ఆనించి, రెక్కలు విదిల్చి,
మట్టితో స్నానం చేస్తున్నాయి.
చుట్టూ మూడు వైపులా వాన తెర,
మధ్యలో
ధూళి లేచింది.

"అరవై ఎనిమిదేళ్లు నాకు," అంది మెల్లిగా.
"ఈ ఊళ్లో దుమ్ము చూడ్డం ఇదే."

"మరి వలలు?"

"షెడ్డు వెనక తడుస్తున్నాయి.
వాటికి అలవాటేగా."

పిచ్చుకలు లేచెళ్లాక ట్యూబు మూత తీశాను.
దాని మీద చిన్నక్షరాల్లో ఉంది:
పూసే చోటు ఒక రోజంతా పొడిగా ఉండాలి.
ఇద్దరం రేకు వైపు చూశాం,
రేకు పైనున్న వాన వైపు చూశాం.
ముందు నవ్విందెవరో గుర్తులేదు.

ఏప్రిల్లో వస్తానన్నాను.
అప్పటిదాకా ఆ చుక్క కింద
ఓ ఖాళీ కాఫీ డబ్బా.
ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి
విల్మా దాన్ని జాగ్రత్తగా ఎత్తి,
దుమ్ము మీద ఒలక్కుండా అంచు దాకా మోసుకెళ్లి,
బయట వానలో
పారబోస్తుంది.