మూలపాడు దిగుడు

నాలుగున్నరకి లేస్తే సొంత ఇంట్లో దొంగలాగే నడవాలి.
లైటు వెయ్యను.
మోకాలి పట్టీ, నీళ్ల సీసా, రెండు పల్లీ చిక్కీలు
రాత్రే బల్ల మీద సర్దిపెట్టుకుంటాను.
హైమ నిద్రలోనే అంటుంది:
"పడితే నాకు చెప్పొద్దు, మీ జిలానీకి చెప్పండి."

లిఫ్టులో సైకిలు పట్టదు.
వెనక చక్రం మీద నిలబెట్టి
దాన్ని గుండెకి ఆనించుకుని ఐదంతస్తులు దిగాలి.
కింద వాచ్‌మన్ పోతులయ్యకి వారం వారం అదే అనుమానం:
"బండి అమ్మేశారా సార్?"
అమ్మలేదయ్యా. బండి ఉంది, కారూ ఉంది,
యాభై రెండేళ్లూ ఉన్నాయి.

గొల్లపూడి దాటేదాకా రోడ్డు లారీలది.
ఏ లారీకి వెనక బేరింగు పోయిందో
చూడకుండానే చెప్పగలను.
ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లేతు ముందు నిలబడ్డ చెవి ఇది,
పక్క మనిషి మాట సగమే వినపడుతుంది గానీ
ఇనుము మూలుగు పూర్తిగా వినపడుతుంది.

ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ఎలీషా.
ఇరవై నాలుగేళ్లు. మోకాళ్లు ఇంకా వారంటీలో ఉన్నాయి.
"అంకుల్, ఇవాళ పై దారా?"
అంకుల్ అన్నందుకే
పై దారికి ఒప్పుకుంటాను.

ఎక్కుడు గురించి చెప్పడానికేం లేదు.
రాయి, వేరు, రాయి,
రాత్రి పందులు తవ్విపోసిన మట్టి,
నాలుక మీద తుప్పు రుచి.
జీఎస్టీ నోటీసు మూడో మలుపు దగ్గర జేబులోంచి జారిపోతుంది,
షుగరు రిపోర్టు ఇంకాస్త పైన.
మేకల కోటిలింగం గట్టు మీద కూర్చుని చూస్తుంటాడు.
మేం ఎక్కేది దిగడానికేనని ఆయనకి ఎప్పుడో తెలిసిపోయింది.
ఎందుకని మాత్రం అడగడు.
మర్యాదస్తుడు.

పైన,
థర్మల్ గొట్టాల వెనక నుంచి సూర్యుడు
కాస్త బూడిద పూసుకుని వస్తాడు
షిఫ్టు మారినట్టు.

ఇక దిగుడు.
నడుము సీటు వెనక్కి, మోచేతులు వదులు,
బ్రేకు మీద ఒక్కో వేలు.
చూసిన రాయి మీదికే చక్రం పోతుంది,
రాళ్ల మధ్య ఖాళీని చూడాలి.
ఇంత మాట నేర్చుకోవడానికి
మూడేళ్లూ, ఒక భుజం ఎముకా ఖర్చయ్యాయి.
ఎలీషాకి చెప్తే
"సూపర్ అంకుల్, స్టేటస్ పెట్టుకోండి" అన్నాడు.

పోయిన నెల తుమ్మమోడు తగిలి
వెనక గేరు వేలాడే బిళ్ల విరిగింది.
బొటనవేలంత ముక్క.
బెంగళూరు నుంచి రావాలి, మూడు వారాలన్నారు.
మూడు ఆదివారాలు!
మర్నాడే షాపులో
బస్సు బాడీకి తెచ్చిన అల్యూమినియం ఫ్లాటులోంచి ముక్క కోసి,
విరిగిన రెండు చెక్కల్నీ కాగితం మీద అతికించి గీత గీసి,
డ్రిల్లు వేసి, ఆకురాయి పట్టి,
మధ్యాహ్నం అన్నం క్యారియర్‌లోనే చల్లారిపోయింది.
"ఏ బండిదన్నా ఇది?" అన్నాడు జిలానీ.
నాది, అన్నాను.
ఎవరెవరి బళ్లకో ఎన్ని వేల ముక్కలు తిప్పానో,
ఆ మాట అనడం అదే మొదలు.
వాడు దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.
"మెత్తగానే ఉంచుదాం అన్నా.
ఇది గట్టిదైతే దెబ్బ చట్రానికి తగులుద్ది."
వాడు జన్మలో కొండెక్కలేదు.

ఎనిమిదిన్నరకి ఇల్లు.
అప్పటికే తారు మెత్తబడే ఎండ.
నా సాక్సులకి పట్టిన ఉత్తరేణి గింజలు
హైమ ఒక్కొక్కటే పీకి, తిట్టి,
బాల్కనీ కుండీలో పడేస్తుంది.
కరివేపాకు పక్కన ఏదో మొలిచింది.
పీకేస్తాననే అంటోంది, జూన్ నుంచి.

సోమవారం షాపు మెట్లు
రెయిలింగు పట్టుకుని, పక్కకి తిరిగి,
ఒక్కో కాలే వేస్తూ దిగుతాను.
ఐదే మెట్లు.
జిలానీ అప్పుడే
లేతులో ఏదో వెతుక్కుంటుంటాడు.