బూట్ల పద్దు

జూలై ఒకటి మా రేవుకి రెండు ముఖాల రోజు.
పొద్దున చనిపోయినవాళ్లది,
మధ్యాహ్నం నుంచి దేశం పుట్టినరోజు.
వాళ్లు చనిపోయేనాటికి ఆ దేశం మాది కాదు.
నీలం పూలూ, ఎరుపు తెలుపు రిబ్బన్లూ
నేను ఒకే బల్ల మీద కడతాను,
ఒకే కత్తెరతో.

న్యూఫౌండ్‌లాండ్ పొగమంచుకి క్యాలెండర్ పట్టదు.
జూన్ ఆఖరివారం, కొట్లో పొయ్యి ఇంకా ఆర్పలేదు.
అప్పుడొచ్చాడు హెడ్లీ పిన్,
టోపీ తీయకుండా, తలుపు పూర్తిగా వేయకుండా.
"పూలచక్రం ఒకటి కావాలి ఊనా.
ఈ ఏడు చేతులు మాట వినలేదు."

ఏటా స్ప్రూస్ కొమ్మలు విరుచుకొచ్చి
తనే వంచి చుట్టేవాడు, వాళ్ల నాన్న చుట్టినట్టు.
ఎనభై మూడేళ్లు. ఇప్పుడా వేళ్లు
అలలు ఒడ్డుకి నెట్టేసిన చెట్టు వేళ్లు.

పుస్తకం తెరిచాను.
పద్దెనిమిది అంగుళాలది, ఇరవై నాలుగుది.
లారెల్ ఆకులు ప్లాస్టిక్‌వి, వానకి చెక్కుచెదరవు.
గసగసాల పూలు గుడ్డవి.
నీలివి రెండు రకాలు:
నా పెరటివి, కోసిన గంటకే తల వాల్చేస్తాయి,
డబ్బాలో వచ్చినవి, ఎప్పటికీ వాల్చవు.
"వాసన?" అన్నాడు.
దేనికీ లేదన్నాను.
ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు,
నా మాట నమ్మక.

"కార్డు మీద 'మరువం' అని రాయనా?
అందరూ అదే రాయిస్తారు."
"చూడనివాణ్ణి మరిచేదెట్లా?"

ఆంబ్రోస్, హెడ్లీ పెదనాన్న. పందొమ్మిదేళ్లు.
ఫ్రాన్స్‌లో ఒక పొద్దున, అరగంట.
ఒళ్లు దొరకలేదు. ఫొటో దిగనేలేదు.
పాడేవాడో, నత్తిగా మాట్లాడేవాడో
చెప్పేవాళ్లు పోయారు.
మిగిలింది మా చిట్టాలో ఒక గీత:
ఆంబ్రోస్ పిన్, బూట్లు ఒక జత, బాకీ.

ఈ పూలకొట్టు అప్పుడు మా ముత్తాత చేపల గిడ్డంగి.
ఎండుచేప తీసుకుని ఉప్పూ పిండీ ఇచ్చేవాడు,
ధర రెండు వైపులా ఆయనదే.
చావు కబురు జూలై ఆఖరున వచ్చింది.
ఆగస్టులో ఆ పద్దు
కుర్రాడి తండ్రి ఖాతాలోకి మారింది.
చేతిరాత ఎక్కడా వణకలేదు. చూశాను.

హెడ్లీకి తెలుసు. రేవులో అందరికీ తెలుసు.
మేమిద్దరం ఎన్నడూ అనుకోలేదు, అంతే.

"డబ్బులొద్దు," అన్నాను.
ఎర్రబడ్డది ఆయన మొహమో నాదో.
"పూల ధర పూలకి తీసుకో," నోట్లు బల్ల మీద సర్దుతూ అన్నాడు,
"ఆ బూట్ల పద్దు మాత్రం కొట్టేయకు.
రాతి మీద కాకుండా వాడి పేరు
బతికుండగా ఎవరైనా రాసిందుంటే
అదొక్కటే."

పెరటి పూలే ఎంచుకున్నాడు.
వాడిపోతాయని మళ్లీ చెప్పాను.
"పదకొండింటికి ఉంటాయిగా."

తర్వాత జేబులోంచి తీశాడు
నాలుగు సీసపు గుళ్లు, వలకి కట్టేవి,
వల అల్లే చెక్క సూది.
చక్రం బోర్లా తిప్పి, కొమ్మకో గుండు చొప్పున
ముడి మీద ముడి.
స్ప్రూస్ వంచలేని వేళ్లకి
ఆ ముడి ఇంకా గుర్తుంది.
నేను దారం చివర పట్టుకుని నిలబడ్డాను.
గడియారం ఆయన వెనక ఉంది, చూడలేదు.

ఒకటో తారీకు గాలి నైరుతి నుంచి.
మేయరు గారి లారెల్ చక్రం
బాకా ఆగకముందే దొర్లుకుంటూ
రేవు మెట్ల దాకా పోయింది, పిల్లలు వెంటపడ్డారు,
ఎవరో నవ్వి, నోరు మూసుకున్నారు.
హెడ్లీది కదల్లేదు.
పూలు అప్పటికే సగం వాలాయి.

ఆ బూట్లు తొడుక్కునే వెళ్లాడో,
సైన్యం వేరేవి ఇచ్చిందో
ఆయన్ని అడుగుదామనుకున్నాను.
పన్నెండు కొట్టింది.
ఎరుపు రిబ్బను కత్తిరించాలి.
కత్తెరకి ఆకుపచ్చ జిగురు అంటుకునే ఉంది.