అడుగు

కేప్‌టౌన్‌లో ఇరవై ఆరేళ్లుగా
భుజాల ఆపరేషన్లకి పనిముట్లు అందిస్తున్నాను.
నా చేతుల మీదుగా పదిహేడు మంది ఫెలోలు వెళ్లారు.
అందరూ మోకాళ్లూ తుంట్లూ నేర్చేసినవాళ్లే,
వాళ్ల వాళ్ల ఊళ్లలో పేరు పడ్డవాళ్లే.
భుజం దగ్గరికొచ్చేసరికి
మళ్లీ పలక పట్టి ఓనమాలు దిద్దారు.

పద్ధెనిమిదోవాడు లుసుంగు న్యిరొంగో.
మలావిలో మ్జూజూ నించి.
మొదటి రోజు ఫొస్లూ మేడం కత్తి ముట్టనివ్వలేదు.
సాసరు ఒకటి నిలువుగా పట్టి
దానికి నిమ్మకాయ ఆనించి
"పడకుండా చూడు" అంది.
వేళ్లతో పొదివి పట్టుకున్నాడు.
"ఆ వేళ్లే కండరాలు.
అవి తెగినవాళ్లే మన దగ్గరికొస్తారు."
నిమ్మకాయ సాయంత్రం టీలోకి పిండుకున్నాం.

తెర మీద చూస్తూ చర్మం కింద చెయ్యి ఆడించడం
అద్దంలో చూసి ఇంకొకరి మీసం కత్తిరించడం లాంటిది.
కుడి అనుకుంటే ఎడమ.
ఉప్పునీళ్లు, నెత్తుటి పొగ,
నాచులా ఊగే చిరుగు పీలికలు.
ఏప్రిల్ దాకా అతని దారం చిక్కుపడుతూనే ఉంది.
నేను ముడి విప్పాను. నోరు విప్పలేదు.

మే నెలలో ఇగ్షాన్ వచ్చాడు.
కాల్క్ బే రేవులో నలభై ఏళ్లు
చేతి తాడుతో స్నూక్ చేపలు లాగిన కుడి భుజం.
మేడం చేతులు కట్టుకుని నిలబడింది,
మొత్తం లుసుంగుదే.
ఎముకలోకి మూడు లంగర్లు దింపాడు.
మేం వాటిని అలాగే అంటాం,
దారం తోకలున్న చిన్న మరలు.
కుట్టు ముచ్చటగా కుదిరింది.
ఫోటో కూడా తీసుకున్నాడు.

ఆరో వారం, పొద్దుటి మీటింగులో
గోడ మీద ఎక్స్‌రే వెలిగింది.
ఒక లంగరు ఊడి, తలకిందులై,
కీలు పక్కన తేలుతోంది.
ఇదెవరి పనని ఇంకా ఎవరూ అడగలేదు.
గుమ్మడికాయల దొంగ అనకముందే
అతని చెయ్యి భుజం మీదికి పోయింది.
"నాదే," అన్నాడు.
మేడం అరవలేదు. అరిచినా బాగుండేది.
"ఆయనకి నువ్వే చెప్పు."

స్లింగు సర్దే నెపంతో నేనూ వెనకాలే వెళ్లాను.
ఎడమ చేత్తో తస్బీ తిప్పుతూ
ఇగ్షాన్ అంతా విన్నాడు.
"ఎన్ని లంగర్లు వేశావు?"
"మూడు."
"అడుగు చూశావా?"
లుసుంగుకి అర్థం కాలేదు.
"బండకి పట్టే లంగరు ఇసకలో పట్టదు నాయనా.
మా తాత సీసపు గుండుకి కొవ్వు పూసి ముందు అది దింపేవాడు.
పైకి లాగితే
అడుగున ఏముందో అంటుకొచ్చేది.
నాది ఇసకేమో. అరవై ఎనిమిదేళ్ల ఇసక."
తర్వాత, కాస్త ఆగి,
"మళ్లీ ఎప్పుడు కోస్తావు?"

ఆగస్టులో కోశాడు.
ఈసారి కెమెరా లేదు, లంగరు లేదు.
ఎముకలోనే సొరంగాలు తొలిచి దారం గుచ్చాడు.
తొలిచేముందు మొనతో ఒక్కసారి నొక్కి
ఆగి, విన్నాడు.
ఎండిన రొట్టె చప్పుడు. నాకూ వినబడింది.
ఇంకాస్త కిందికి జరిగి
గట్టి చోటు చూసుకున్నాడు.
"మ్జూజూలో ఎలాగూ ఇదే నాకు దిక్కు,
అక్కడ కెమెరా రావడానికి ఎన్నేళ్లో"
అన్నాడు, ముసుగు వెనక,
ఎవరితోనో తెలీదు.

జనవరిలో సర్టిఫికెట్ ఇచ్చారు.
పేరులో ఒక అక్షరం తప్పు పడింది.
ఇగ్షాన్ పేపర్లో చుట్టిన చేప తెచ్చాడు,
ఎడమ చేత్తోనే.
కుడి చెయ్యి చెవి దాకా లేపి చూపించాడు.
టోపీ తీసుకోగలడు.
తాడు లాగలేడు.
ఇద్దరూ ఆ చేతినే చూస్తూ ఉండిపోయారు.
భుజం తట్టుకోలేదు.

పంతొమ్మిదోవాడు సోమవారం వస్తున్నాడట.
నిమ్మకాయలు కొనాలి.